రసీదు ఉన్నంత మాత్రాన…

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో వీసా పొడిగింపు కోసం ఎదురుచూస్తున్న తెలుగువారి ఇబ్బందులపై ఇటీవల మీ పత్రికలో వచ్చిన వార్తలోని రెండు వాక్యాలు నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. వీసా గడువు ముగిసిన నాటి నుంచి ఉద్యోగం చేయడం అక్రమమని ఒకచోట రాశారు. దరఖాస్తు రసీదు చేతిలో ఉంటే నిర్ణయం వచ్చేదాకా నిశ్చింతగా పనిచేసుకోవచ్చని ఇంకొకచోట రాశారు. ఒకే వార్తలో ఉన్న ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవన్నది అటుంచితే, రెండూ తప్పే. టెక్సాస్‌లో ఒక సంస్థ మానవ వనరుల విభాగంలో కొత్తగా చేరేవారి పత్రాలు సరిచూడడం, పాతవారి గడువులు గమనిస్తూ ఉండడం నా రోజువారీ పని. నేను న్యాయవాదిని కాను. అయినా మొదటి మాట నమ్మి జీతం పోగొట్టుకున్నవారినీ, రెండో మాట నమ్మి చిక్కుల్లో పడినవారినీ దగ్గర నుంచి చూశాను కనుక ఈ సవరణ పంపుతున్నాను.

మొదట వీసా అన్న మాట. పాస్‌పోర్టులో అతికించే వీసా, మనవాళ్ల భాషలో స్టాంపింగ్, దేశంలోకి ప్రవేశం కోరడానికి పనికివచ్చే కాగితం. ప్రవేశించాక ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. హైదరాబాద్ కాన్సులేట్‌లో పడిన ముద్రకు కాలం చెల్లి ఏళ్లు గడిచినా, ఇక్కడే వరుసగా పొడిగింపులు పొందుతూ పూర్తిగా చట్టబద్ధంగా ఉద్యోగం చేస్తున్నవారు మా ఒక్క సంస్థలోనే చాలామంది ఉన్నారు. పత్రికలు ఈ రెంటినీ కలిపి ‘వీసా’ అనేయడం వల్ల, ‘అబ్బాయి వీసా అయిపోయిందట, దొంగచాటుగా పనిచేస్తున్నాడేమో’ అని ఊళ్లో తల్లిదండ్రులు కుమిలిపోతున్నారు. మీ వార్త చదివిన రోజే మా అత్తగారు తెనాలి నుంచి ఫోన్ చేసి మావారి గురించి ఇదే అడిగారు.

ఇక రసీదు. దరఖాస్తు అందిందని తెలుపుతూ, ఇమిగ్రేషన్ దరఖాస్తులను పరిశీలించే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ పంపే ఐ-797సి కాగితం మీద, ఈ నోటీసు వల్ల ఎలాంటి ఇమిగ్రేషన్ హోదా గానీ ప్రయోజనం గానీ కలగదని పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. చిత్రమేమంటే, నిర్ణయం కోసం ఆగకుండా పనిచేయగలవారికీ, పనిచేస్తే చట్టం తప్పినట్టయ్యేవారికీ కూడా వచ్చేది ఆ కాగితమే, దాని మీద ఉండేది ఆ వాక్యమే. ఏ దరఖాస్తును, ఎవరు, ఏ తేదీన పెట్టారన్నదాన్ని బట్టి పని చేసే హక్కు వస్తుంది; రసీదు ఆ తేదీకి సాక్ష్యం.

హెచ్-1బి (నిపుణ ఉద్యోగులకు ఇచ్చే తాత్కాలిక హోదా) మీద ఉన్నవారి కోసం ప్రస్తుత యజమానే పొడిగింపు పిటిషన్ వేసి, అది ఐ-94 గడువు ముగియకముందే యూఎస్‌సీఐఎస్‌కు చేరితే, గడువు దాటాక 240 రోజులు గానీ, నిర్ణయం వచ్చేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు, అదే యజమాని దగ్గర అదే ఉద్యోగం కొనసాగించవచ్చు. ఇది యజమాని దయతో వచ్చేది కాదు, ఫెడరల్ నిబంధనల్లో రాసి ఉన్నదే. 240 రోజుల పొడిగింపు అని, పిటిషన్ పంపిన తేదీతో సహా ఐ-9 ఫారంలో (ఉద్యోగికి పనిచేసే హక్కు ఉందని యజమాని రాసిపెట్టుకునే కాగితం) నమోదు చేసుకుంటే యజమాని వంతు పని అయిపోతుంది. అయినా కిందటి ఏడాది మా దగ్గర చేరిన ఒక యువకుడిని, అంతకుముందు పనిచేసిన చోట అప్రూవల్ రాలేదని చెప్పి ఐదు వారాలు జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. పిటిషన్ గడువుకు రెండు నెలల ముందే వెళ్లింది. వీసా అయిపోయాక పనిచేస్తే పంపించేస్తారని అతడూ నమ్మాడు కాబట్టి ఇదేమని అడగలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మధ్యలో తిరస్కరణ వస్తే ఆ రోజే పని ఆపాలి. 240 రోజులు నిండినా నిర్ణయం రాకపోతే, పిటిషన్ పెండింగ్‌లో ఉన్నందువల్ల దేశంలో ఉండవచ్చు గానీ ఉద్యోగానికి వెళ్లకూడదు. అదనపు రుసుము కడితే 15 పనిదినాల్లో నిర్ణయమో, మరిన్ని పత్రాలు కావాలన్న నోటీసో ఇచ్చే ప్రీమియం ప్రాసెసింగ్ ఉంది కనుక, ఖర్చు పెట్టగల యజమానులు అంతదాకా రానివ్వరు. ఆ రుసుము ఎవరు భరించాలన్న బేరంలో నెలలు గడిచిపోయే చోట్లనే ఈ ప్రమాదం ఎక్కువ.

యజమాని మారేటప్పుడు లెక్క వేరు. 2000 సంవత్సరంలో వచ్చిన ఏసీ-21 చట్టం ప్రకారం, కొత్త సంస్థ వేసిన పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కు చేరగానే కొత్త చోట పని మొదలుపెట్టవచ్చు. దీనికి 240 రోజుల హద్దు లేదు. కాకపోతే అప్పటివరకు హోదా సక్రమంగా ఉండాలి, అనుమతి లేని పని చేసి ఉండకూడదు. పాత ఐ-94 ముగిశాక ఆ పిటిషన్ తిరస్కరణకు గురైతే మాత్రం, పెండింగ్‌లో ఉన్న దాన్ని ఆధారం చేసుకుని వేసిన మరో ట్రాన్స్‌ఫర్ కూడా దానితోపాటే కూలుతుంది. అప్రూవల్ చేతికి రానిదే పాత ఉద్యోగం వదలవద్దని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. అది మంచి జాగ్రత్త, కానీ చట్టం పెట్టిన షరతు కాదు.

ఎఫ్-1 విద్యార్థులకు దశకో నియమం. చదువు ముగిశాక తీసుకునే తొలి ఓపీటీకి (చదివిన రంగంలో పనిచేసే తాత్కాలిక అనుమతి) రసీదు ఏమాత్రం చాలదు. ఈఏడీ (పని అనుమతి) కార్డు ఆమోదం పొందాలి, దాని మీద ఉన్న ప్రారంభ తేదీ కూడా రావాలి. అదే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ ఉన్నవారు ఓపీటీ గడువులోపు 24 నెలల పొడిగింపుకు సక్రమంగా దరఖాస్తు చేస్తే, పాత కార్డు ముగిశాక 180 రోజుల దాకా పనిచేయవచ్చు. ఓపీటీ నడుస్తుండగా హోదా మార్పు కోరుతూ హెచ్-1బి పిటిషన్ పడినవారికి క్యాప్-గ్యాప్, అంటే ఓపీటీ ముగిసినా హెచ్-1బి మొదలయ్యేదాకా పని కొనసాగించే వెసులుబాటు, వర్తిస్తుంది. అక్టోబరు 1తో ఆగిపోయే ఆ వెసులుబాటును 2025 జనవరి 17 నుంచి మరుసటి ఏప్రిల్ 1 దాకా పెంచారు. అయితే ఓపీటీ ముగిసి, 60 రోజుల గ్రేస్ పీరియడ్‌లో ఉండగా పిటిషన్ పడితే, దేశంలో ఉండడానికి అనుమతి వస్తుంది గానీ పనిచేయడానికి రాదు. ఒకే గదిలో ఉంటున్న ఇద్దరికి ఒకే రోజున, ఏప్రిల్‌లో, పిటిషన్లు పడ్డాయనుకుందాం. ఓపీటీ మార్చి 25న ముగిసినవాడు ఇంట్లో కూర్చోవాలి, మే 25న ముగిసేవాడు పనికి వెళ్లవచ్చు. ఇద్దరి రసీదుల మీదా తేదీ ఒక్కటే.

ఇంతకన్నా పెద్ద మార్పు ఈఏడీ కార్డుల విషయంలో జరిగింది. దానిని మన పత్రికలు ఒక రోజు వార్తగా వేసి మరిచిపోయాయి. హెచ్-1బి ఉద్యోగికి గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 (యజమాని వేసే గ్రీన్ కార్డు పిటిషన్) ఆమోదం వచ్చి ఉంటే, హెచ్-4 మీద ఉన్న భార్యకు గానీ భర్తకు గానీ 2015 మే 26 నుంచి ఈ కార్డు ఇస్తున్నారు. దీన్ని పొందినవారిలో భారతీయ మహిళలే ఎక్కువ. పాత కార్డు ముగిసేలోపు రెన్యువల్‌కు దరఖాస్తు చేసినవారు కొత్తది వచ్చేదాకా పనిచేసుకునేందుకు ఉన్న 180 రోజుల పొడిగింపును 2022 మేలో తాత్కాలికంగా 540 రోజులు చేశారు. 2025 జనవరి 13 నుంచి ఆ 540 రోజులను శాశ్వతం చేశారు. శాశ్వతం పది నెలలు కూడా నిలవలేదు. 2025 అక్టోబరు 30న గానీ ఆ తరువాత గానీ పెట్టిన రెన్యువల్ దరఖాస్తులకు ఆ పొడిగింపు లేదని, ముందుగా ప్రజాభిప్రాయం తీసుకోకుండానే నిబంధన తెచ్చారు. అంతకుముందు పెట్టినవారికి పాత పొడిగింపు అలాగే ఉంది. అంటే ఇద్దరివీ ఒకే రకం కార్డులు, ఒకే రకం రసీదులు అయినా, అక్టోబరు 29న దరఖాస్తు అందినామె ఉద్యోగానికి వెళుతుంది, 30న అందినామె కార్డు ముగిసిన రోజు నుంచి ఇంట్లో ఉండాలి.

నేను ఆ రెండో వరుసలోనే ఉన్నాను. నా కార్డు మే మొదటి వారంలో ముగుస్తుంది. గడువుకు 180 రోజులకన్నా ముందు రెన్యువల్ దరఖాస్తు తీసుకోరు. నాకు ఆ 180 రోజులు నవంబరు మొదటి వారంలో మొదలయ్యాయి. అవకాశం దొరికిన తొలి రోజునే పంపాను, కానీ అప్పటికే వెసులుబాటు పోయి వారం దాటింది. కిందటి ఏడాది తెనాలి వెళ్లి వచ్చినప్పుడు నా ఐ-94ను 2027 దాకా ఇచ్చారు కనుక, పాత నిబంధన ఉండి ఉంటే నాకు ఏ ఆటంకమూ ఉండేది కాదు. (పాత పొడిగింపు కూడా హెచ్-4 వారికి ఐ-94 గడువును దాటి పోయేది కాదు, చాలామంది అప్పుడే ఈ మెలికను గమనించలేదు.) మళ్లీ తనిఖీ చేయకుండా పొడిగించడం భద్రతకు మంచిది కాదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. తనిఖీ చేయవద్దని నేను అనను. అయితే దరఖాస్తును ఇంతకన్నా ముందు తీసుకోనిదీ వారే, ఎప్పుడు తేల్చాలో నిర్ణయించేదీ వారే అయినప్పుడు, ఆలస్యానికి ఉద్యోగం పోయేది మాత్రం నాది. హెచ్-4 ఈఏడీకి ప్రీమియం ప్రాసెసింగ్ కూడా లేదు. ఎల్-1 (తమ సంస్థ విదేశీ శాఖ నుంచి బదిలీపై వచ్చిన) ఉద్యోగుల భార్యాభర్తలకైతే 2021 నవంబరు నుంచి హోదాతోపాటే పని హక్కు వస్తోంది, వారికి కార్డే అక్కరలేదు. మా అక్షరం వేరైంది, అంతే.

గ్రీన్ కార్డు చివరి దశ దరఖాస్తు పెండింగ్‌లో ఉండి, దాని ఆధారంగా ఈఏడీ మీద పనిచేస్తున్నవారికీ అక్టోబరు 30 నిబంధన వర్తిస్తుంది. పైగా 2025 డిసెంబరు 5 నుంచి వారి కార్డు గరిష్ఠ కాలాన్ని ఐదేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. ఇదివరకు ఐదేళ్లకొకసారి పడిన టెన్షన్ ఇకపై ఏడాదిన్నరకొకసారి పడాలి.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి, మా ప్రాంతంలో ఇది చిన్నది కాదు. డ్రైవింగ్ లైసెన్సు గడువును సాధారణంగా ఐ-94 గడువుతో ముడిపెడతారు. 240 రోజుల లెక్కలో చట్టబద్ధంగా పనిచేస్తున్న మనిషి లైసెన్సు కార్యాలయానికి రసీదు తీసుకెళ్తే, కొన్నిచోట్ల కొద్ది నెలలకు ఇస్తారు, కొన్నిచోట్ల అప్రూవల్ తెమ్మని పంపేస్తారు. బస్సులు లేని ఊళ్లో పని హక్కు ఉండి, పనికి కారు నడిపే హక్కు లేకపోతే ఏం చేయాలో ఏ నిబంధనలోనూ లేదు. మా సంస్థలో ఒకరు రెండు నెలలు సహోద్యోగి కారులో వచ్చారు.

‘రసీదు ఉంటే చాలు’ అని రాయడం ఎందుకు ప్రమాదమో కూడా చెప్పాలి. అనుమతి లేకుండా చేసిన పని ఆ నెల జీతంతో పోయేది కాదు. ఏళ్ల తరువాత ఉద్యోగం ఆధారంగా గ్రీన్ కార్డు చివరి దశకు వచ్చినప్పుడు, చివరిసారి దేశంలోకి వచ్చిన నాటి నుంచి అలాంటి పని, హోదా తప్పిన రోజులు అన్నీ కలిపి 180 రోజులు దాటితే, ఇక్కడే ఉండి ఆ దరఖాస్తు పెట్టుకునే అర్హత పోవచ్చు. అలాగే హోదా మార్పు దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే దానిని వదులుకున్నట్టే లెక్క. పెళ్లికో, తల్లికి బాగాలేదనో హడావుడిగా బయలుదేరేవారికి ఇది విమానం ఎక్కాక తెలుస్తోంది.

మిమ్మల్ని కోరేది పెద్దదేమీ కాదు. ఇలాంటి వార్త వేసేటప్పుడు అది స్టాంపింగ్ గురించా, ఐ-94 గురించా, ఈఏడీ కార్డు గురించా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. పొడిగింపా, ట్రాన్స్‌ఫరా, హోదా మార్పా అన్నది రెండో వాక్యంలో చెప్పండి. దరఖాస్తు ఏ తేదీకి ముందు పెట్టినవారికి వర్తిస్తుందో తప్పకుండా వేయండి; ఆ తేదీ లేని వార్త ఇక్కడ ఎవరికీ ఉపయోగపడదు. మీ వార్తను సరిదిద్దుతూ వేసే వివరణలో కనీసం 2025 అక్టోబరు 30 అన్న తేదీ ఉండేలా చూడండి. ఆ రోజు నుంచి రెన్యువల్‌కు పంపినవారి పాత కార్డులు ఒక్కొక్కటిగా ముగుస్తున్నాయి, ‘రసీదు ఉంది కదా’ అని మర్నాడు కూడా ఆఫీసుకు బయలుదేరేవారు వారిలో ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఇర్వింగ్, టెక్సాస్