మ్యాచ్‌కు ముందు ఆ అరగంట అంపైర్లకు ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. పదహారేళ్లుగా పాఠశాల పోటీల్లో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ మ్యాచ్‌లకు అంపైర్‌గా పనిచేస్తున్నాను. టోర్నీలు నిర్వహించే పెద్దల దృష్టికి ఒక్క విషయం తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి సీజన్‌లో పాలమూరు వైపు అండర్-17 బాలుర బేస్‌బాల్ పోటీలకు వెళ్లాను. తెల్లవారుజామున బస్సెక్కి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మైదానం చేరేసరికి జట్లు వరుసల్లో నిలబడి ఉన్నాయి. అతిథులు రావడం ఆలస్యమైంది. సన్మానాలు, ప్రసంగాలు అయ్యాక, టాస్ వేసే ముందు నాకొక కాగితం అందింది. నేను ప్లేట్ అంపైర్, అంటే బ్యాటర్ వెనక నిలబడేవాడిని. నాతో బేస్‌ల దగ్గర చూసే బేస్ అంపైర్‌గా కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక ఉపాధ్యాయిని. సాఫ్ట్‌బాల్ బాగా ఆడిన అమ్మాయి. బేస్‌బాల్ మ్యాచ్‌కు అంపైర్‌గా నిలబడటం ఆమెకు అదే మొదటిసారి. "రెడీయేనా మేడమ్?" అని అడిగాను. "రెడీ సార్" అంది. మా మధ్య జరిగిన సంప్రదింపులు అంతే.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఫస్ట్ బేస్ (రన్నర్ వరుసగా తాకాల్సిన నాలుగు చోట్లలో మొదటిది, చివరిది హోమ్) మీద రన్నర్ ఉండగా బ్యాటర్ కుడివైపు ఔట్‌ఫీల్డ్‌లోకి బంతి కొట్టాడు. రన్నర్ రెండో బేస్ దాటి మూడో బేస్‌కు పరుగు తీశాడు. ఇద్దరే అంపైర్లు ఉన్నప్పుడు ఈ సందర్భంలో మూడో బేస్ చూడవలసింది ప్లేట్ అంపైర్. బ్యాటర్ ఫస్ట్ తాకాడా, రెండో బేస్‌కు వెళ్తున్నాడా అన్నది బేస్ అంపైర్ చూడాలి. నేను మూడో బేస్‌కు పరుగెత్తాను. ఆమె కూడా రన్నర్ వెంటే మూడో బేస్‌కు వచ్చింది. అక్కడి కుర్రవాడు అందిన బంతిని అందినట్టే రెండో బేస్‌కు విసిరాడు. అక్కడ ట్యాగ్ జరిగింది, అంటే బేస్ చేరేలోపే బ్యాటర్‌కు బంతి తాకించారు. మా ఇద్దరిలో ఎవరం చూడలేదు.

చూడని ఔట్ ఇవ్వలేను కాబట్టి సేఫ్ (ఔట్ కాదు) అన్నాను. గ్లవ్‌లో బంతి పైకెత్తి చూపిస్తూ "సార్, తగిలింది సార్" అని ఆ పిల్లవాడు అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ రన్నర్లు ఇద్దరూ హోమ్ చేరారు. మ్యాచ్ ఒక్క పరుగు తేడాతో ముగిసింది. జనం, కోచ్‌లు తిట్టింది మాత్రం ఆ అమ్మాయినే. మధ్యాహ్నం రెండో మ్యాచ్‌కు ఆమె రానంది. "మూడో బేస్ మీరు చూస్తారని నాకెవరూ చెప్పలేదు సార్" అంది. చెప్పవలసిన వాడిని నేనే. తప్పు నాది. కానీ చెప్పడానికి సమయం ఎక్కడ ఇచ్చారు?

పెద్ద మ్యాచ్‌లకు నలుగురు అంపైర్లు ఉంటారు. మన పాఠశాల పోటీలకు ఇద్దరే. నాలుగు బేస్‌లు, ఒక్కోదానికీ మధ్య 90 అడుగులు. ఇద్దరు మనుషులు ఇంత మైదానం కాయాలంటే, బంతి కొట్టిన క్షణంలో ఎవరు ఎటు పోవాలో ముందే మాట్లాడుకుని ఉండాలి. సాఫ్ట్‌బాల్ నుంచి వచ్చిన వారికి ఇది మరీ అవసరం. అక్కడ బేస్‌ల మధ్య 60 అడుగులే. పిచర్ చేతి నుంచి బంతి విడివడేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. బేస్‌బాల్‌లో రన్నర్ ముందే బేస్ వదిలి కొన్ని అడుగులు లీడ్ తీసుకుంటాడు, పిచర్ చటుక్కున ఫస్ట్‌కు విసురుతాడు. ఆ విసురులో నిబంధన తప్పాడో లేదో చూసే అలవాటు సాఫ్ట్‌బాల్ అంపైర్‌కు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. కొత్తవారితో కుర్చీలో కూర్చుని మాట్లాడను, మైదానంలోకి తీసుకెళ్తాను. "ఫస్ట్‌లో రన్నర్, ఒక ఔట్. ఎక్కడ నిలబడతారు?" అని అడిగి, ఆ చోట నిలబడమంటాను. మన దగ్గర చిన్నవారు పెద్దవారి ముందు "తెలియదు" అనరు, తలూపుతారు. ఆ తలూపడాన్ని నమ్మినందుకే నాకు ఆ రోజు అలా జరిగింది. అందుకే నడిపించి చూస్తాను. రన్నర్ మూడో బేస్‌కు వస్తుంటే "మూడు నాది" అని గట్టిగా అరుస్తానని, ఆ మాట వినగానే వారు బ్యాటర్ మీదే చూపు నిలపాలని చెబుతాను. అక్కడ బంతి చేజారితే రన్నర్‌తో పాటు నేను హోమ్‌కు పరుగెత్తాలి. ఇన్‌ఫీల్డ్ ఫ్లైకి (బేస్‌ల దగ్గర సులువుగా పట్టగల ఎత్తు బంతికి, పట్టకపోయినా బ్యాటర్ ఔటయ్యే నిబంధనకు) అవకాశం ఉన్నప్పుడు, అంటే రెండు ఔట్‌లు కాకముందు ఫస్ట్, సెకండ్ బేస్‌లు నిండినప్పుడు, ఒకరికొకరం ఏ సైగ చేసుకోవాలో కూడా అప్పుడే అనుకుంటాం. మన మైదానాలకు కంచెలు ఉండవు. బంతి చింతచెట్టు కింద కూర్చున్న పిల్లల మధ్యకు పోతే ఎన్ని బేస్‌లు ఇవ్వాలో ఇద్దరం కలిసి చూసి, కోచ్‌లిద్దరికీ ముందే చెబుతాం.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక భరోసా ఇస్తాను. ఒక అంపైర్ ఇచ్చిన నిర్ణయంలో, ఆ అంపైర్ అడిగితే తప్ప, రెండో అంపైర్ జోక్యం చేసుకోకూడదన్నది ఆట నిబంధన. "మీ నిర్ణయాన్ని నేను మార్చను. సందేహం ఉంటే నా దగ్గరకు రండి, ఎవరికీ వినపడకుండా మాట్లాడుకుందాం. ఎవరైనా అరుస్తూ మీ మీదికి వస్తే మధ్యలో నేనుంటాను" అంటాను. ఆ మాటతో ఎదుటివారి భుజాలు కాస్త తేలికపడటం చాలాసార్లు చూశాను.

దీనికంతటికీ పట్టేది అరగంట. నిర్వాహకులను నేను కోరేది ఇదే. ఎవరు ఎవరితో కలిసి ఏ మ్యాచ్‌కు నిలబడతారో ముందు రోజు సాయంత్రానికే ఫోనులో తెలియజేయండి. అంపైర్లను మార్చ్‌పాస్ట్ నుంచి, స్వాగత సభ నుంచి మినహాయించండి. ఇద్దరు కొత్తవారిని ఒకే మ్యాచ్‌కు వేయకండి. ప్రసంగాలు సాగి ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని అంపైర్ల అరగంటలోంచి కోయకండి, మ్యాచ్‌నే వెనక్కి జరపండి. దీనికి నిధులు అక్కర్లేదు.

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ తిరిగి వస్తున్నాయి. మా బడి పిల్లలు ఆ సంగతి చెప్పుకుంటూ సాయంత్రం చీకటి పడేదాకా సాధన చేస్తున్నారు. ఈసారి జిల్లా పోటీలకు ఆ ఉపాధ్యాయినిని మళ్లీ రమ్మని నేనే ఫోను చేశాను. మ్యాచ్‌కు గంట ముందు మైదానానికి వచ్చే వీలుంటే వస్తానంది. ఆ గంటకు అనుమతి ఇవ్వాలని నిర్వాహకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
నల్లగొండ జిల్లా