క్వాంటమ్ కోర్సులు సిమ్యులేటర్ దగ్గరే ఆగిపోతే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

అమరావతిలో ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే 0, 1 రెండూ కలగలిసిన స్థితిలో కూడా ఉండగల క్వాంటమ్ బిట్) క్వాంటమ్ కంప్యూటర్ పెడతామని 2025లో ప్రకటించినప్పటి నుంచి ఎక్కడ చూసినా క్వాంటమ్ కోర్సుల ప్రకటనలే. మంచిదే. కానీ నేను చేరిన కోర్సులో పాఠమంతా సిమ్యులేటర్ (మామూలు కంప్యూటర్‌లో క్వాంటమ్ మెషీన్‌ను అనుకరించే ప్రోగ్రామ్) మీదే నడిచింది, డీకోహెరెన్స్, అంటే క్యూబిట్ స్థితి చెదిరిపోవడం, ఆఖర్లో ఒక్క స్లైడ్‌లో వచ్చి పోయింది.

రెండు క్యూబిట్లు తీసుకుని మొదటిదానికి హడమార్డ్ గేటు (0, 1 సమానంగా కలగలిసిన స్థితిలో పెట్టేది), తర్వాత రెండింటికీ కలిపి సీనాట్ గేటు (మొదటిది 1 అయితే రెండోదాన్ని తిప్పేది) వేస్తే ఎంటాంగిల్‌మెంట్, అంటే రెండు క్యూబిట్ల స్థితులు ఒకదానితో ఒకటి ముడిపడటం, వచ్చేస్తుంది, కోడ్ రెండే లైన్లు. సిమ్యులేటర్‌లో చాలాసార్లు నడిపి కొలిస్తే దాదాపు సగం 00, సగం 11 వస్తాయి, ఇంకేమీ రావు. అదే కోడ్ అసలు మెషీన్‌కు పంపితే 01, 10 కూడా కొన్ని కనిపిస్తాయి. వాటిలో కొన్ని గేటు తప్పులు, కొన్ని కొలతలో తప్పులు, కొన్ని డీకోహెరెన్స్ పుణ్యం. క్యూబిట్ తన చుట్టూ ఉన్నవాటితో కూడా ఎంటాంగిల్ అయిపోతుంది, అదే డీకోహెరెన్స్. మనకు అక్కర్లేని ఎంటాంగిల్‌మెంట్ అన్నమాట!

ఇందులో అసలు మోసం ఫేజ్‌ది. ఫేజ్ అంటే కలగలిసిన 00, 11ల మధ్య ఉండే అలల లాంటి పొందిక. అది పూర్తిగా పోతే ఎంటాంగిల్‌మెంట్ కూడా పోయినట్టే, అయినా లెక్కలో 00, 11 సగం సగంగానే వస్తాయి, కుర్రాళ్లు అంతా బాగానే ఉందనుకుంటారు. కొలిచే ముందు రెండు క్యూబిట్లకూ మళ్లీ హడమార్డ్ వేసి చూడాలి. ఎంటాంగిల్‌మెంట్ నిలిచి ఉంటే అప్పుడూ 00, 11 మాత్రమే, పోతే నాలుగూ సమానంగా వస్తాయి. పది నిమిషాల ల్యాబ్ ఇది, ఎందుకు చేయించరో అర్థం కాదు.

సూపర్ కండక్టింగ్ చిప్‌ను పరమశూన్యానికి డిగ్రీలో వందో వంతు దాకా చల్లబరిచినా ఇలాంటి మెషీన్లలో క్యూబిట్ స్థితి నిలబడేది సాధారణంగా కొన్ని వందల మైక్రోసెకన్లే. పక్కపక్కన లేని క్యూబిట్లను కలపాలంటే స్వాప్‌లు (రెండు క్యూబిట్ల స్థితులను అటూ ఇటూ మార్చే గేట్లు) పడతాయి, ఒక్కో స్వాప్‌కు మూడు సీనాట్లు, అంటే సమయమూ తప్పులూ పెరుగుతాయి. ఈ లెక్క తెలియకుండా రాసిన సర్క్యూట్ సిమ్యులేటర్‌లో అద్భుతంగా నడిచి మెషీన్ మీద చెత్త ఇస్తుంది.

(ఎంటాంగిల్‌మెంట్‌తో కాంతి కంటే వేగంగా మెసేజ్ పంపొచ్చని పత్రికలు రాయడం కూడా దయచేసి మానాలి, అలా పంపలేం. ఎంటాంగిల్‌మెంట్ మీద 2022 భౌతికశాస్త్ర నోబెల్ వచ్చిన ప్రయోగాలు కూడా ఆ మాట చెప్పలేదు.)

జాతీయ క్వాంటమ్ మిషన్‌కు కేంద్రం 2023లోనే 6,000 కోట్ల రూపాయలకు పైగా ఆమోదించింది. డబ్బు లేదని ఎవరూ అనలేరు. అమరావతి మెషీన్ సమయంలో కొంత భాగం కంపెనీలకు కాకుండా కాలేజీ విద్యార్థులకు కేటాయిస్తామని, అది ఎంతో కూడా ప్రభుత్వం ఇప్పుడే రాసి ఇవ్వాలి. సర్టిఫికెట్ ఇచ్చే ప్రతి కోర్సులోనూ అసలు మెషీన్ మీద ఒక్క ల్యాబ్ అయినా తప్పనిసరి చేయాలి.

ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్, గుంటూరు