ఫోన్ ఎత్తట్లేదని రాస్తున్నా

అమ్మడూ,

ఎలా ఉన్నావు? ఇక్కడ అంతా బానే ఉంది, నా మోకాలు కూడా పర్లేదు, చంటిగాడు మొన్న తైలం తెచ్చాడు. నీ వాటా ఆవకాయ చిన్న జాడీలో తీసి పెట్టా, వెల్లుల్లి ఎక్కువేశాను, నీకిష్టమని. నువ్వు ఫోన్ చేసి ఇవాల్టికి పంతొమ్మిది రోజులు. వాట్సాప్‌లో బిజీ అమ్మా అని ఒక్క ముక్క పెడితే నాకు నిద్ర పడుతుందా? అందుకే ఇంత పొడుగు టైప్ చేస్తున్నా, తీరిగ్గా చదువు.

అడక్కూడదనే అనుకున్నాగానీ, బుజ్జి తోటికోడలు నిన్ను బాచుపల్లిలో ఫ్లాట్ల దగ్గర ఎవరో లోన్ ఏజెంటుతో చూసిందట. నువ్వు ఇల్లు కొనుక్కుంటానంటే నేనెందుకు వద్దంటాను, నీ పేరున నీకో గుమ్మం ఉండాలని నాకు లేదా? నా భయమల్లా ఆ ఏజెంటు గురించే. పాతికవేలిస్తే సిబిల్, అదే మనం అప్పులెలా కట్టామో బ్యాంకులు చూసుకునే రిపోర్టు, స్కోరు, బాగు చేయిస్తా అన్నాడంట కదా. ఇచ్చేశావా ఏంటి?

సరేలే. పిన్ని వాళ్ళ గృహప్రవేశం బాగా జరిగింది, అందరూ నిన్నే అడిగారు, ఆఫీసులో సెలవు లేదని చెప్పా. అక్కడే కిందింటి అన్నయ్యగారు కలిశారు, ఆయన బ్యాంకులో రిటైరయ్యారు కదా, నీ పేరెత్తకుండా ఎవరో తెలిసినమ్మాయి అని అడిగా. ఆయన చెప్పినవి క్యాలెండర్ వెనక రాసుకున్నా. రిపోర్టులో ఉన్నది చెరిపేసే శక్తి ఏ ఏజెంటుకీ లేదట, అప్పిచ్చిన బ్యాంకు దిద్ది పంపితేనే అక్కడ మారుతుందట. రిపోర్టు ఇచ్చేది సిబిల్ ఒక్కటే కాదు, మొత్తం నాలుగు కంపెనీలు ఉన్నాయంట, ఒక్కోదాన్నుంచి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలంట. తప్పుంటే కంప్లయింట్ పెట్టు, 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయలు మనకే కట్టాలట.

నువ్వు రెండు క్రెడిట్ కార్డుల బాకీలు ఆ వాయిదాల ప్లాన్‌లో ముప్ఫై నెలలు పూర్తిగా కట్టావు, అవి క్లోజ్డ్ అని పడాలి. ఆ మూడో కార్డుదే నా బెంగ. తగ్గించి ఒకేసారి కట్టి తేల్చుకున్నావు చూడు, దాన్ని సెటిల్డ్ అని రాస్తారంట, అది చూస్తే బ్యాంకులు వెనక్కి తగ్గుతాయంట. అప్పుడు వాళ్ళు వదిలేసిన మిగతా డబ్బు ఇప్పుడు కట్టి, బాకీ లేదని ఎన్‌ఓసీ కాయితం తీసుకుని, క్లోజ్డ్‌గా మార్చమని రాతపూర్వకంగా అడగమన్నారు. ఏజెంటుకి పోసేదేదో అక్కడ కట్టు తల్లీ. అది మారేదాకా బ్యాంకు తర్వాత బ్యాంకుకి అప్లికేషన్లు పెట్టుకుంటూ పోకు, ఎన్ని చోట్ల అడిగావో అవన్నీ రిపోర్టులో పడతాయి, ఏదైనా ఒకచోట కాదన్నారా ఇప్పటికే? కాదంటే కాదన్నారని చెప్పొచ్చుగా, అమ్మ దగ్గర దాచడమేంటి.

కాయితాలంటే మీ నాన్నే గుర్తొస్తారు. నువ్వప్పటికి ఇంకా బళ్ళో చేరలేదు. ఆయన ఆఫీసులో ఒకతనికి హామీ సంతకం పెట్టారు, అతను ట్రాన్స్‌ఫర్ అయిపోయి కట్టడం మానేశాడు, 18 వేలు మన నెత్తిన పడ్డాయి. నెలకి 400 చొప్పున జీతంలో కోత, 45 నెలలు. ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు, మీ అమ్మమ్మకి కూడా చెప్పలా, ఆవిడ పండక్కి చీర పెడతానంటే ఇప్పుడెందుకులే అనేదాన్ని, డబ్బులెక్కువై పొగరొచ్చిందేమో అనుకుందట పాపం. చివరి కోత అయిన నెల మీ నాన్న స్వీట్లు తెచ్చారు. తీరా ఇంటి లోనుకి వెళ్తే, ఆ హామీ బాకీ ఇంకా ఉందని చూపిస్తోంది అన్నారు. మీ నాన్న బిస్కెట్ డబ్బాలో జీతం చీటీలన్నీ దారంతో గుచ్చి పెట్టుకున్నారు, పట్టుకెళ్ళి మేనేజర్ టేబుల్ మీద పరిచారు, లెక్కపెడితే 44. ఆ ఒక్కటీ లేకపోతే కుదరదన్నారు. ఇల్లంతా తిరగేశాం, బీరువా కింద, బియ్యం డబ్బా వెనక, పరుపు విప్పి కూడా చూశాం. పదకొండో రోజున నేను పాత పంచాంగం తీస్తే శ్రావణమాసం పేజీలో మడిచి ఉంది, వరలక్ష్మీ వ్రతానికి గుర్తుగా నేనే పెట్టా. అది చూసి మీ నాన్న ఒక్క మాట కూడా అన్లేదు, నా చేతిలోంచి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకుని, అన్నం కూడా తినకుండా బ్యాంకుకి వెళ్ళారు. బాకీ లేదని కాయితం తెచ్చుకుని సాయంత్రం వచ్చారు, ఆ చొక్కా తడిసి ముద్దయిపోయింది, చీటీ మాత్రం పొడిగా ఉంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నారు.

కాబట్టి నీ రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టావా లేదా?

ఇంకోటి, కారు లోను. అందులో నీ పేరు ఇంకా ఉందా? విడాకులప్పుడు కోర్టులో అతను కడతానని రాసిచ్చినా ఆ కాయితం మీ ఇద్దరి మధ్యే, బ్యాంకుకి ఇద్దరూ బాకీదార్లేనంట. అతను ఒక్క ఈఎంఐ ఆలస్యం చేసినా నీ స్కోరూ పడుతుంది. గొడవ పడమని కాదు, నీకు అతనితో మాట్లాడాలని లేకపోతే చంటిగాణ్ణి మాట్లాడమంటా, లోను తీర్చెయ్యడమో నీ పేరు తీయించడమో ముందు అది చూడు.

ఫ్లాటు 45 లక్షలట కదా. బ్యాంకు ఎంతిచ్చినా అందులో 80 శాతం దాటదు, అంటే 36, మిగతా తొమ్మిదీ నువ్వే చూసుకోవాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు దానికి వేరే. 36 లక్షలకి ఎనిమిదిన్నర వడ్డీ వేస్తే ఇరవయ్యేళ్ళు నెలకి 31 వేల పైనే. అంత కట్టి నువ్వు ఏం తింటావు? ఆ ముప్ఫై నెలలూ హాస్టల్లో పొద్దున టిఫిన్ మానేశావని నాకు తెలీదనుకున్నావా, నీ జాకెట్లు వదులైనప్పుడే తెలిసింది. నా ఎఫ్‌డీ సంక్రాంతికి వస్తుంది, రెండు లక్షలు, అది నీదే, వద్దనకు. ఇంకో ఏడాది ఆగితే కొంపేం మునగదు, బాచుపల్లి ఎక్కడికీ పోదు.

లెక్చర్ ఇవ్వకూడదనుకున్నా, ఇచ్చేశాను, ఏమీ అనుకోకు. శనివారం రాత్రి బస్సుకి చంటిగాడు వస్తున్నాడు, జాడీతో పాటు కందిపొడి, సున్నుండలు పంపిస్తున్నా. ఆవకాయకి తడి స్పూన్ పెట్టకు. ఆదివారం తొమ్మిదింటికి ఫోన్ చేస్తా. ఆ ఏజెంటుకి డబ్బులిచ్చావో లేదో, అది ముందు చెప్పు. ఇచ్చినా తిట్టను.

అమ్మ