సూర్యానికి, మన యంత్రం ముచ్చట

సన్నీవేల్, కాలిఫోర్నియా

ప్రియమైన సూర్యానికి,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందుగా నాలుగు తిట్లు తిట్టేసి, ఆ తరువాత చదువు. ఇక్కడ అందరమూ కులాసా. మీ చెల్లెలికి ఈ చలికి మోకాళ్ళ నొప్పి కాస్త పెరిగింది, మనవడికి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు మాత్రం ఇంగ్లీషులోనే చెబుతాడు. ఇంటి విశేషాలు ఇంతటితో సరి, ఎందుకంటే నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టని సంగతి ఒకటి ఉంది. సూర్యం, నేను మొన్న శనివారం మన పాత ఐబీఎం 1401 కంప్యూటరును చూశాను. చిల్లులు పొడిచిన కార్డులు మింగుతూ, కాగితం కక్కుతూ, నిక్షేపంగా నడుస్తుండగా చూశాను!

ఇక్కడికి దగ్గరలోనే మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఉంది. అక్కడ రెండు ఐబీఎం 1401 యంత్రాలు ఉన్నాయి. ఒకటి జర్మనీ నుంచి, మరొకటి కనెక్టికట్ రాష్ట్రం నుంచి తెచ్చినవి. ఐబీఎంలో పనిచేసి రిటైరైన ఇంజనీర్లు, మన వయసువాళ్ళూ మనకన్నా పెద్దవాళ్ళూ, జీతం భత్యం లేకుండా ఏళ్ళ తరబడి కూర్చుని, లోపల జర్మేనియం ట్రాన్సిస్టర్లు బిగించిన సర్క్యూటు కార్డులను ఒక్కొక్కటీ పరీక్షించి వాటిని బతికించారు. జర్మనీ యంత్రం మన దేశంలో లాగే 50 సైకిళ్ళ కరెంటుది, ఇక్కడిదేమో 60. అందుకని దానికోసం ప్రత్యేకంగా కరెంటు మార్చే యంత్రాన్ని కూడా సంపాదించారు. ఆ మాట విన్నప్పుడు నాకు ఎందుకో ఆ యంత్రం మీద పక్షపాతం కలిగింది.

గదిలోకి అడుగు పెట్టగానే వేడెక్కిన నూనె, రిబ్బను సిరా, కార్డుల అట్ట కలిసిన ఆ వాసన తగిలింది. తరువాత పెద్దమ్మ గొంతు విప్పింది. ఆ 1403 ప్రింటరుకు మనం పెట్టుకున్న పేరు మనవడికి చెబితే వాడికి నవ్వు రాలేదు గాని, నీకు ఇప్పుడు తప్పకుండా వచ్చి ఉంటుంది. నిమిషానికి 600 పంక్తులు కొట్టే ఆ మోత వినగానే, నా చేయి దానంతట అదే కాగితం దొంతర సరిచేయడానికి ముందుకు వెళ్ళింది. అక్కడి పెద్దాయన దాన్ని గమనించి, మీరు ఆపరేటరా అని అడిగాడు. సికింద్రాబాదులో రాత్రి షిఫ్టులు చేసినవాణ్ణని చెప్పాను. ఇక ఆయనా నేనూ మాటల్లో పడిపోయాము. మిగతా సందర్శకుల సంగతి ఏమైందో నాకు తెలియదు.

మనవడు ముందుగా అడిగిన ప్రశ్న, దీనికి తెర ఏది తాతయ్యా అని. తెర లేదురా, ఈ బల్బులే తెర అన్నాను. తప్పు ఎలా తెలిసేది అని అడిగాడు. మనం కన్సోల్ మీద ట్రాన్సిస్టర్ రేడియో పెట్టి, స్టేషన్ లేని చోట ముల్లు ఆపి, లోపలి లెక్క ఎలా నడుస్తున్నదో ఆ గరగర బట్టి పోల్చుకునే విద్యను వాడికి వివరించాను. జీతాల ప్రోగ్రాము లూపులో పడి ఒకే చోట గిరగిరా తిరుగుతుంటే ఒకే కీచు ఆగకుండా వచ్చేది, గుర్తుందా? టీ తాగుతూ తాగుతూనే నువ్వు గ్లాసు కింద పెట్టి, పోయింది రా అనేవాడివి. పెద్దాయన ఇది విని, తామూ అదే చేసేవాళ్ళమని చెప్పి నా భుజం తట్టాడు.

అప్పుడు నేను ఆ జీతాల రాత్రి కథ మొదలుపెట్టాను. పేస్లిప్పు ఎక్కడ మొదలవ్వాలో ప్రింటరుకు చెప్పేది చుట్టగా అతికించిన ఒక కాగితపు టేపు అనీ, అందులో ఉండవలసిన చిల్లు దొరక్కపోతే కాగితం ఆగదనీ మనవడికి ముందు చెప్పవలసి వచ్చింది. కొత్త ఫారానికి టేపు తయారు చేసిన మహానుభావుడు ఒకటో ఛానల్లో చిల్లు పొడవడం మరిచాడని చెప్పేసరికే పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి, కాగితం ఎగిరిన ఎత్తు గాలిలో చూపించాడు. భాష తెలియని చోట కూడా మనకు దాయాదులు ఉన్నారు సూర్యం! పెట్టెడు స్టేషనరీ గది నిండా పరుచుకున్నాక నువ్వు స్విచ్చి నొక్కకుండా నిలబడి దండం పెట్టిన సంగతి మాత్రం నేను చెప్పలేదు. అది మన ఇద్దరిదే.

తరువాత సందర్శకులు కార్డుల మీద తమ పేర్లు పంచ్ చేసుకునే 026 యంత్రం దగ్గర నన్ను కూర్చోబెట్టారు. నేను నీ పేరు పంచ్ చేశాను. పెద్దమ్మ నీ పేరును పెద్ద పెద్ద అక్షరాలతో వెడల్పాటి కాగితం మీద కొట్టి ఇచ్చింది. ఆ కార్డు ఈ పొడుగు కవరులోనే పెడుతున్నాను. కాగితం మాత్రం నేను వచ్చినప్పుడు తెస్తాను.

అయితే ఇంటికి వచ్చే దారిలో నా మనసు పాడైంది. ఐబీఎం వాళ్ళు ఇతర దేశాలలో వాడి వదిలిన 1401లను బొంబాయిలో బాగుచేసి మనవాళ్ళకు అద్దెకిచ్చారనీ, పాతవి అంటగట్టారనీ ఆ రోజుల్లో ఎంత గొడవ జరిగింది! ఆ కోపంలో న్యాయం ఉందని నేను ఇప్పటికీ అంటాను. విదేశీ కంపెనీల వాటా 40 శాతానికి తగ్గించాలన్న నిబంధనకు ఒప్పుకోక వాళ్ళు 1978లో వెళ్ళిపోయినప్పుడు, ఆ యంత్రాలను నడిపించే భారం ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడింది. విడిభాగాల కోసం సతమతమవుతూ మనవాళ్ళు నేర్చుకున్న పనితనం ఏ పుస్తకంలోనూ లేదు. అటు ఈసీఐఎల్‌లో ఏ.ఎస్. రావు గారి హయాంలో టీడీసీ-12, 312, 316 అనే మన సొంత కంప్యూటర్లు తయారయ్యాయి. ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సు దిగేవాళ్ళలో ఎంతమందికి ఆ పేర్లు తెలుసంటావు? ఇక్కడ పాత యంత్రానికి గుడి కట్టారు. మన యంత్రాన్ని మాత్రం మన ఆఫీసువాళ్ళు ఇనుప సామాన్ల వ్యాపారికి తూకానికి అమ్మేశారు. లెక్కలు గుర్తుపెట్టుకునే ఆ అయస్కాంతపు పూసల కోర్ మెమరీ పళ్ళెం ఒక్కటైనా అడిగి తెచ్చుకుందామంటే నువ్వే ఆ రోజు, సరే, దాని గురించి ఇప్పుడు వద్దులే.

ఆ పెద్దాయన నన్ను ఒక మాట అడిగాడు: మీ దేశంలో ఆపరేటర్ల జ్ఞాపకాలు ఎవరైనా రికార్డు చేస్తున్నారా అని. నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకని నీకొక పని చెబుతున్నాను. నీ దగ్గర ఉన్న షిఫ్టు లాగ్ పుస్తకాలు పారేయకు. డెక్, అదే కార్డుల కట్ట, కిందపడితే తిరిగి పేర్చుకోవడానికి పై అంచున ఏటవాలు గీత గీసే పద్ధతి మనకు ఎవరు నేర్పారో, పంచ్ గదిలోని ఆడపిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో కనుక్కుని రాయి. అక్కడి చేతివేగం గురించి మన పర్యవేక్షకుడు అనే మాట కూడా

పక్కింటివాళ్ళు విమానాశ్రయానికి బయలుదేరుతున్నారట, ఉత్తరం వాళ్ళ చేతికే ఇవ్వాలి. అబ్బాయి కారు తాళాలు గలగలలాడిస్తున్నాడు. జీలకర్ర డబ్బా సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
నీ రాత్రి షిఫ్టు
రామం