నాన్న పాల కేంద్రం లెక్కలు దొరికాయి, నాకు తోడు నిలిచిన ముగ్గురికీ థ్యాంక్స్

ముందు అసలు విషయం చెప్పేస్తాను. 138 మంది రైతుల పాల లెక్కలు, నాలుగేళ్ళవి, ఒక్క లీటరు తేడా లేకుండా దొరికాయి. రెండు రోజులు ఆలస్యమైనా బిల్లులు అందరికీ అందాయి. ఇదంతా డల్లాస్‌లో ఉండే అన్న, వరంగల్ అక్క, బెంగళూరులో పనిచేసే తమ్ముడు, ఈ ముగ్గురి పుణ్యం. పేర్లు పెట్టొద్దని ముగ్గురూ అన్నారు కాబట్టి పెట్టడం లేదు, కానీ ఏం చేశారో రాయకుండా మాత్రం ఉండలేను. ఇంట్లోవాళ్ళ కోసమో ఊరివాళ్ళ కోసమో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, నేను చేసిన తప్పు వాళ్ళూ చేసి ఉండొచ్చు, ఇంకా బయటపడి ఉండకపోవచ్చు.

మా నాన్న ఊళ్ళో పాల కేంద్రం నడుపుతారు. పొద్దున ఐదున్నరకీ, మళ్ళీ సాయంత్రం ఐదింటికీ జనం క్యాన్లు పట్టుకుని వస్తారు. పాలు కొలవాలి, మెషీన్‌లో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం) చూడాలి, రేటు చార్టులో ఆ రెండు అంకెలూ కలిసే గడిలో ఉన్న ధర వేయాలి. 15 రోజులకోసారి బిల్లు కట్టి, దాణా బాకీ, అడ్వాన్సు తీసేసి మిగిలింది చేతికివ్వాలి. ఇదంతా ఇదివరకు పెద్ద లెడ్జరులో రాసేవారు. నాలుగేళ్ళ కిందట నేను సీ ప్లస్ ప్లస్‌లో, క్యూటీ 5 అనే టూల్‌కిట్ వాడి ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. లెక్కలన్నీ ఒకే ఒక్క ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్‌లో. ఆ ఫైల్ ఎక్కడుండాలి అని నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, ప్రోగ్రాం ఎక్కడుంటే దాని పక్కనే అని రాసేశాను. ఇన్‌స్టాలర్ ఒక ఖాళీ ఫైల్‌ను ప్రోగ్రాంతో పాటే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టేది, అంతే. నాలుగేళ్ళు చక్కగా నడిచింది.

పోయిన నెల దాన్ని క్యూటీ 6కి మార్చాను. కొత్త ఇన్‌స్టాలర్ పంపించాను, సరిగ్గా బిల్లుకు ముందు రోజు, అంటే 14వ రోజు సాయంత్రం నాన్న ఇన్‌స్టాల్ చేశారు. ఆరింటికి ఫోన్. "అమ్మాయ్, పుస్తకం మొత్తం తెల్లగా ఉందేంటమ్మా" అన్నారు. రైతుల పేర్లు లేవు, లీటర్లు లేవు, బాకీలు లేవు. కొత్తగా ఒక ఎంట్రీ వేసి చూడమంటే డేటాబేస్ రీడ్‌ఓన్లీ అని ఎర్రర్ వస్తోంది. నేను హైదరాబాద్ నుంచి రిమోట్‌లో ఆ లాప్‌టాప్‌లోకి వెళ్ళాను. పాత ప్రోగ్రాం ఫోల్డర్ అలాగే ఉంది, తెరిచి చూస్తే అందులో ఉన్న ఫైల్ కూడా ఖాళీయే, పైగా దాని మీద నాలుగేళ్ళ కిందటి తేదీ! అంటే ఇన్నేళ్ళూ ఈ ఫైల్‌లో ఎవరూ ఏమీ రాయలేదన్నమాట. మరి నాన్న రోజుకు రెండు పూటలా రాసింది ఎక్కడికి పోయింది? అక్కడ నాకు చేతులు వణికాయి. పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఉంది కానీ అది సంక్రాంతికి ముందుది. ఫోన్‌లో అవతల నాన్న ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఆ మౌనమే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది.

డల్లాస్ అన్నకి అప్పుడు తెల్లవారుతోంది. మెసేజ్ చూసి వెంటనే కాల్ చేశారు. నన్ను ఏమీ తిట్టలేదు, మూడు ప్రశ్నలు అడిగారు. పాత బిల్డ్ 32 బిట్టా? కొత్తది 64 బిట్టా? పాతదానికి మానిఫెస్ట్, అంటే ఏ అనుమతులతో నడవాలో విండోస్‌కి చెప్పే చీటీ, పెట్టావా? మొదటి రెండిటికీ అవును, మూడోదానికి లేదు అన్నాను. "అయితే నీ ఫైల్ ఎక్కడికీ పోలేదు చెల్లీ" అన్నారు. ఆ మాట వినగానే ఏడుపొచ్చేసింది, నిజంగా.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో రెండు పర్సెంట్ గుర్తుల మధ్య లోకల్‌యాప్‌డేటా అని కొట్టమన్నారు. తెరుచుకున్న ఫోల్డర్‌లో వర్చువల్‌స్టోర్ అని ఒకటుంది, దానిలో ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86, దానిలో మా ప్రోగ్రాం పేరు, దానిలో 11 ఎంబీ ఫైల్. తేదీ ఆ రోజుదే, సమయం పొద్దున 7:42. పొద్దుటి పాలు అయిపోయాక నాన్న మూసేసిన సమయం. ఆ అంకెలు నా కళ్ళ ముందే ఉన్నాయి ఇప్పటికీ.

జరిగిందేమిటో అన్న చెప్తే అర్థమైంది. విండోస్ విస్టా నుంచి, అడ్మిన్ యూజర్ నడిపే ప్రోగ్రాంని కూడా ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయనివ్వదు. కానీ అంతకు ముందు రాసిన ప్రోగ్రాములు బోలెడు అక్కడే రాసుకునేవి, అవన్నీ ఒక్కసారిగా ఆగిపోకూడదని, 32 బిట్‌ది అయి మానిఫెస్ట్ లేని ప్రోగ్రాం అక్కడ రాయబోతే విండోస్ ఏమీ చెప్పకుండా ఆ రాతను యూజర్ సొంత వర్చువల్‌స్టోర్‌లోకి మళ్ళిస్తుంది. చదివేటప్పుడు కూడా అక్కడిదే ముందు చూపిస్తుంది. ప్రోగ్రాంకి ఈ సంగతి తెలియదు, రాసిన నాకూ తెలియదు. 64 బిట్ ప్రోగ్రాంకి ఈ సౌకర్యం లేదు. అందుకే నా కొత్త బిల్డ్ నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌కి వెళ్ళి ఖాళీ ఫైల్ తెరిచింది, రాయడానికి అనుమతి లేదు కాబట్టి ఎస్‌క్యూలైట్ దాన్ని చదవడానికి మాత్రమే తెరిచింది. నాలుగేళ్ళు నడిచింది నా కోడ్ బాగుండి కాదు, విండోస్ వెనక నుంచి పట్టుకుని ఉండబట్టి.

దొరికింది కదా అని నేను వెంటనే తెరవబోతే ఆయన ఆపారు. ముందు రెండు చోట్లకి కాపీ చెయ్ అన్నారు, పక్కన అదే పేరుతో జర్నల్ అని ఉన్న ఫైల్ ఏదైనా ఉంటే దాన్నీ కలిపే కాపీ చెయ్, ఒక్కదాన్నే తీసుకెళ్తే సగంలో ఉన్న రాత పాడవుతుంది అన్నారు. అదృష్టం కొద్దీ జర్నల్ లేదు. కాపీ తెరిచి, నాన్న డైరీలో విడిగా రాసుకున్న మూడు రోజుల మొత్తం లీటర్లతో సరిచూశాం. కలిశాయి.

ఇక మర్నాడు వరంగల్ అక్క. ఆవిడ కాలేజీలో పాఠాలు చెప్తారు, అందుకేనేమో తొందరపడరు. ఫైల్ దొరికింది సరే, ఇప్పుడు ఎక్కడ పెడతావు అని అడిగారు. డాక్యుమెంట్స్‌లో పెడతానండీ, నాన్నకి కనిపిస్తూ ఉంటుంది అన్నాను. డాక్యుమెంట్స్ ఎక్కడుందో నీకు తెలుసా అన్నారు. సి డ్రైవ్, యూజర్స్, యూజర్ పేరు, డాక్యుమెంట్స్ అన్నాను. ఆ లాప్‌టాప్‌లో చూడమన్నారు. చూస్తే వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వ) ఫోల్డర్ లోపల ఉంది! ఎవరో ఎప్పుడో బ్యాకప్ ఆన్ చేస్తే అది అక్కడికి మారిపోయింది. నేను అనుకున్న దారి కోడ్‌లో రాసి ఉంటే వేరే ఫోల్డర్ తయారయ్యేది. పైగా నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ని అలా సింక్ అయ్యే చోట పెడితే సగం రాసిన స్థితిలో ఉన్నది కాపీ అయ్యే ప్రమాదం ఉందన్నారు.

దీనికి దారి కూడా అక్కే చూపించారు. క్యూటీలో క్యూస్టాండర్డ్‌పాత్స్ అనే క్లాస్ (రెడీమేడ్ కోడ్ ముక్క) ఉంది, 2012 డిసెంబరులో క్యూటీ 5.0తో వచ్చింది, అంటే నేను మొదటి వెర్షన్ రాసేనాటికే చేతిలో ఉంది. దారిని మనం ఊహించకుండా సిస్టమ్‌నే అడుగుతుంది. యాప్‌లోకల్‌డేటాలొకేషన్ అని అడిగితే విండోస్‌లో యాప్‌డేటా కింద లోకల్, మ్యాక్‌లో లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్, లినక్స్‌లో హోమ్ కింద డాట్ లోకల్, దాని కింద షేర్, మూడిట్లోనూ మన ప్రోగ్రాం పేరుతో దారి ఇస్తుంది. దారి ఇస్తుందే తప్ప ఫోల్డర్ తయారుచేయదు, అది మనమే చేసుకోవాలి. నేను ఈ ముక్క మర్చిపోయి ఇంకో గంట కొట్టుకున్నాను, అక్క స్క్రీన్ చూసి ఒక్క లైన్ చెప్పారు.

ఇంకోటి కూడా ఆవిడే పట్టుకున్నారు. ఆ దారిలో సంస్థ పేరు, ప్రోగ్రాం పేరు ఉంటాయి, అవి మనం కోడ్‌లో పెట్టినవే. కొత్త వెర్షన్‌లో నేను సంస్థ పేరు కాస్త అందంగా మార్చాను, మధ్యలో ఖాళీ పెట్టి. ఇకముందు కూడా ఇలాగే మారుస్తూ పోతే ఆ అప్‌డేట్‌కి మళ్ళీ వేరే ఫోల్డర్, మళ్ళీ తెల్ల పుస్తకం. మెనూలో కనిపించే పేరు నీ ఇష్టం వచ్చినట్టు మార్చుకో, ఈ రెండు పేర్లూ మాత్రం ఒకసారి పెట్టాక ముట్టుకోకు అన్నారు. యాప్‌డేటా ఫోల్డర్ మామూలుగా కనిపించదు కాబట్టి నాన్న కోసం మెనూలో "లెక్కల ఫోల్డర్ తెరువు" అని ఒక బటన్ పెట్టించారు. బ్యాకప్ కాపీ మాత్రం డాక్యుమెంట్స్‌లోకే వెళ్తుంది, దాని దారి కూడా సిస్టమ్‌నే అడిగి.

బెంగళూరు తమ్ముడు లినక్స్ మనిషి. మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో కేంద్రానికి ఉన్నది లినక్స్ లాప్‌టాపే, అక్కడ కూడా ఇదే ప్రోగ్రాం నడుస్తుంది. లినక్స్‌లో ఏ రకం ఫైల్ ఎక్కడ ఉండాలో చెప్పే ఎక్స్‌డీజీ బేస్ డైరెక్టరీ స్పెసిఫికేషన్ గురించి అతనే చెప్పాడు. 2003 నుంచి ఉంది, సెట్టింగులకు ఒక చోటు, డేటాకు ఒకటి, క్యాష్‌కు (డబ్బు కాదు, పోయినా మళ్ళీ తయారయ్యే తాత్కాలిక ఫైళ్ళకు) ఒకటి, 2021లో లాగ్‌లు, చరిత్ర లాంటివాటికి స్టేట్ అని ఇంకోటి చేర్చారు. నేను రేటు చార్టు క్యాష్‌లో పెట్టాను, చిన్న ఫైల్ కదా అని. అతను అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది: "అక్కా, ఈ ఫైల్ పోతే ఎవరైనా కూర్చుని మళ్ళీ టైప్ చేయాలా?" చేయాలి. వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ గడులన్నీ నాన్న రెండు సాయంత్రాలు కూర్చుని కొట్టారు. "అయితే అది క్యాష్ కాదు, డిస్క్ నిండితే జనం ముందు చెరిపేది ఆ ఫోల్డర్‌నే, మ్యాక్ అయితే తనే చెరిపేయొచ్చు" అన్నాడు. వెంటనే డేటాలోకి మార్చాను.

అతనే విండోస్‌లో తెలుగు పేరుతో ఒక యూజర్‌ని తయారుచేసి పరీక్షించాడు. నాకు తట్టనే లేదు. బిల్లు ప్రింట్ చేసే భాగంలో నేను పాత పద్ధతిలో గెటెన్వ్ అనే ఫంక్షన్‌తో దారి తీసుకుంటున్నాను, అక్కడ యూజర్ పేరు బదులు వరసగా ప్రశ్న గుర్తులు వచ్చాయి. తెలుగుకు విండోస్‌లో పాతకాలం ఏఎన్‌ఎస్‌ఐ కోడ్‌పేజీ (అక్షరాలకు అంకెలిచ్చే పట్టిక) అంటూ లేదు, యూనికోడ్ ఒక్కటే దారి, కాబట్టి ఆ పాత ఫంక్షన్లు మన అక్షరాలను మోయలేవు. తెలుగువాళ్ళ కోసం రాసిన ప్రోగ్రాం, తెలుగులో పేరు పెట్టుకున్నవాడి దగ్గర బిల్లు తీయకపోవడం నాకు చాలా బాధనిపించింది. మొత్తం యూనికోడ్‌లో ఉండే క్యూటీ స్ట్రింగులతోనే వెళ్ళేలా మార్చాక బిల్లు వచ్చింది.

ఇప్పుడు కొత్త వెర్షన్ మొదటిసారి తెరిచినప్పుడు ముందు సరైన చోట చూస్తుంది, లేకపోతే వర్చువల్‌స్టోర్‌లో, ఆ తర్వాత ప్రోగ్రాం పక్కన వెతుకుతుంది, దొరికితే కాపీ చేసి రెండు వైపులా ఎంట్రీల సంఖ్య సరిచూసి "138 మంది రైతులు, లెక్కలు సరిపోయాయి" అని చూపిస్తుంది. పాతదాన్ని చెరపదు. ఆ వాక్యం స్క్రీన్ మీద కనిపించినప్పుడు నాన్న రెండుసార్లు పైకి చదివారు.

అన్నా, మీరు ఆఫీసుకు లేటుగా వెళ్ళారని తర్వాత తెలిసింది. అక్కా, మీ పరీక్ష పేపర్ల మధ్యలో నా కోడ్ లైను లైను చదివారు. తమ్ముడూ, నువ్వు ఆదివారం మొత్తం ఇచ్చేశావు. 17వ తేదీ పొద్దున కేంద్రం ముందు బిల్లులు ఇస్తుంటే, రెండు బర్రెలున్న ఒకావిడ కాగితం చూసుకుని, దాణా బాకీ పోను ఇంత మిగిలిందా అని నవ్వుతూ కొంగున ముడేసుకుని వెళ్ళింది. మీరు ముగ్గురూ అక్కడ ఉండుంటే బాగుండేదనిపించింది. నాన్న ఇంట్లో కాచిన నెయ్యి మూడు సీసాలు మీ పేర్లు రాసి అలమరలో పెట్టారు, అక్కా, తమ్ముడూ అడ్రసులు నాకు విడిగా పంపండి, అన్నా, మీది మాత్రం మీరు ఊరొచ్చే దాకా అక్కడే ఉంటుందట.