టూరింగ్ సైకిళ్ల విషయంలో ఇకపై మా షాపు పద్ధతి

అరకు, లంబసింగి, అటు ఒడిశా కొండల దాకా సైకిల్ మీద వెళ్లే మా కస్టమర్లందరికీ నమస్కారం. ఈ సీజన్ నుంచి టూరింగ్ కోసం మేం తయారుచేసే సైకిళ్లకు ఎలక్ట్రానిక్ గేర్లు బిగించం. ట్యూబ్‌లెస్ టైర్లు కూడా వద్దనే చెబుతాం. "వైజాగ్‌లో మీ దగ్గరైనా దొరుకుతాయనుకున్నాం" అని కొందరు నొచ్చుకున్నారు. అందుకే కారణం చెప్పాలనిపించింది.

ఆ గేర్లు చెడ్డవని కాదు. జపాన్ కంపెనీ షిమానో 2009లో డీఐ2 అనే ఎలక్ట్రానిక్ గేర్లు తెచ్చినప్పటి నుంచి రేసుల్లో అవి బాగా నిలబడ్డాయి. బటన్ నొక్కితే గేరు ఠక్కున పడుతుంది. కానీ రేసులో వెనకాలే కారు వస్తుంది, అందులో మెకానిక్ ఉంటాడు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నప్పుడు మీ వెనక ఎవరూ ఉండరు. అక్కడ మామూలు గేర్ల కేబుల్ తెగితే ఇంకో కేబుల్, అలెన్ కీ ఉంటే చాలు, రోడ్డు పక్కన కూర్చుని మీరే మార్చుకోవచ్చు. అదే ఎలక్ట్రానిక్ గేర్లలో లోపల కనెక్షన్ పోతే నేను ఫోన్‌లో కూడా ఏ సాయమూ చేయలేను. దారిలో అండగా ఉండలేని వస్తువును అమ్మడం నాకు ఇష్టం లేదు. వాటి మీద లాభం బాగానే వస్తుంది. అది వదులుకుంటున్నాం.

ట్యూబ్‌లెస్ సంగతీ అంతే. చిన్న ముల్లు గుచ్చుకుంటే దానంతట అదే మూసుకుపోతుంది, నిజమే. కానీ మన ఎండలకు చిల్లు మూసేందుకు లోపల పోసే సీలెంట్ ద్రవం త్వరగా ఎండిపోతుంది. టైరు కోసుకుపోతే ఊళ్లో పంక్చర్ షాపాయన కూడా ఏమీ చేయలేడు. ఆయన దగ్గర ఉండేవి మామూలు సైకిళ్ల 28 ఇంచుల, 26 ఇంచుల ట్యూబులు. మీ టూరింగ్ సైకిల్ చక్రానికి పట్టే 700సి సైజు ట్యూబు అక్కడ దొరకదు, కాబట్టి రెండు వెంట ఉంచుకోండి. సన్నటి ప్రెస్టా వాల్వుకు ఆయన పంపు పట్టదు. గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకే తిప్పి పెట్టుకుంటే పెట్రోల్ బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. అడగండి, ఊరికే ఇస్తాం.

అలాగే డిరైలర్ హ్యాంగర్. వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే మెత్తటి అల్యూమినియం ముక్క అది. సైకిల్ కుడివైపు పడితే ఫ్రేము పాడవకుండా అదే వంగుతుంది. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం, ఇంకోదానిది సరిపోదు. వేల రూపాయల జీపీఎస్ మీటరు కొనే ముందు ఇది కొని బ్యాగులో వేసుకోండి. దారి చూడటానికి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసిన ఫోన్ చాలు, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు పడ్డాయా లేదా అన్నది మాత్రం కిందికి దిగే బస్సు డ్రైవర్‌నే అడగాలి.

1923లో బొంబాయి నుంచి బయల్దేరిన పార్సీ కుర్రాళ్లలో ముగ్గురు 1928లో ప్రపంచం చుట్టి తిరిగొచ్చారు. వాళ్లకు ఇవేవీ లేవు. అలాగని పాతదంతా మంచిదని నేను అనను. లైట్ల విషయంలో కొత్తదే కావాలి. ముందు చక్రం హబ్బులో ఉండే డైనమో 6 వోల్టులు, 3 వాట్లు ఇస్తుంది. దానికి మంచి ఎల్ఈడీ పెడితే రాత్రి రోడ్డు మీద గుంత దూరం నుంచే కనిపిస్తుంది, ఛార్జింగ్ టెన్షన్ లేదు. స్టాండ్‌లైట్ ఉన్నవైతే సైకిల్ ఆగినా కాసేపు వెలుగుతూనే ఉంటాయి. ఖరీదు ఎక్కువే, అయినా టూరింగ్ సైకిల్ కొనేవాళ్లందరికీ ఇవే తీసుకోమని గట్టిగా చెబుతాను.

ఎలక్ట్రానిక్ గేర్లకు అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు మొత్తం డబ్బు వెనక్కి ఇస్తున్నాం. బయట కొన్నవాటికి సర్వీసింగ్ మామూలుగానే ఉంటుంది. ఆదివారం పొద్దున షాపులో చైను కలపడం, స్పోక్ మార్చడం నేర్పిస్తాం. ఫీజు లేదు, మీ సైకిల్ మీరే తెచ్చుకోండి.