ఆర్న్‌హెమ్‌ను ఫ్రాస్ట్ ఖాతాలో రాయకండి

సంపాదకుడు గారికి,

బ్రిటిష్ పారాచూట్ అధికారి జాన్ ఫ్రాస్ట్‌పై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆయన 1912లో పుణెలో పుట్టిన సంగతి చెప్పడం బాగుంది. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్‌లో రైన్ నది వంతెన కోసం జర్మన్లతో ఆయన చేసిన పోరును ‘వంతెన నిలబెట్టుకోలేక లొంగిపోయారు’ అన్న ఒక్క మాటతో తేల్చేశారు. అది అన్యాయం.

ఆ వంతెనను పట్టుకొని, వెనక వచ్చే సైన్యం చేరేదాకా రెండు రోజులు కాపాడాల్సింది ఒక పూర్తి డివిజన్, దాదాపు 10,000 మంది. 1944 సెప్టెంబరు 17 రాత్రి వంతెన చేరగలిగింది 740 మంది చిల్లర. ఉత్తరపు కొసన వాళ్ల పోరు 21 తెల్లవారేదాకా సాగింది.

మిగతావాళ్లు ఏమయ్యారన్నదే అసలు ప్రశ్న. వాళ్లను దింపిన మైదానాలు వంతెనకు పడమరగా పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. వంతెన దగ్గర విమాన విధ్వంసక ఫిరంగులున్నాయనీ, దక్షిణాన నేల మెత్తన, గ్లైడర్లు (సైనికులను మోసే ఇంజన్ లేని విమానాలు) దిగలేవనీ ప్రణాళిక వేసినవాళ్లు దగ్గర్లో దింపడానికి ఒప్పుకోలేదు. రోజుకు రెండు విడతలు కూడా కుదరవన్నారు. దాంతో తొలిరోజు దిగినవాళ్లలో ఒక బ్రిగేడ్ మర్నాటి విడత కోసం ఆ మైదానాలకు కాపలా ఉండిపోయింది. వంతెనకు బయల్దేరింది ఒకే బ్రిగేడ్, మూడు బెటాలియన్లు, మూడు దారులు. నది పక్క దారి పట్టిన ఫ్రాస్ట్ బెటాలియన్ చేరింది, మిగతా రెండూ మధ్యలోనే ఇరుక్కున్నాయి. రెండో విడతేమో ఇంగ్లండ్‌లో పొగమంచు వల్ల గంటల తరబడి ఆలస్యం. 1941లో ఢిల్లీలో ఏర్పడిన పారాచూట్ బెటాలియన్ 156వ నంబరుతో వచ్చింది ఆ విడతలోనే. పైగా చెట్ల మధ్య, ఇళ్ల మధ్య వైర్‌లెస్ సెట్లు పలకలేదు.

18 ఉదయం దక్షిణం నుంచి జర్మన్ సాయుధ వాహనాల వరస వంతెన ఎక్కింది. ఫ్రాస్ట్ మనుషులు పక్క ఇళ్ల పై అంతస్తుల కిటికీల నుంచి, పైకప్పులేని ఆ బండ్లలోకి తూటాలు, గ్రెనేడ్లు కురిపించారు. ట్యాంకులను కొట్టే ఆరు పౌండ్ల ఫిరంగులు, భుజాన పెట్టి పేల్చే పియాట్లు మిగతా పని చేశాయి. ఆ దాడి నిలిచిపోయింది. తర్వాత వాళ్లను దెబ్బతీసినవి మందుగుండు కొరత, ఇళ్లకు అంటుకున్న మంటలు. 20న మోర్టారు గుండు పేలి ఫ్రాస్ట్ కాళ్లకు గాయాలయ్యాయి, నాయకత్వం మేజర్ గాఫ్‌కు వెళ్లింది. ఆ రాత్రి గాయపడ్డవాళ్లను నేలమాళిగలో ఉంచిన ఇల్లు కాలిపోతుంటే వాళ్లను కాపాడటానికి కాసేపు కాల్పులు ఆపారు. ఫ్రాస్ట్ శత్రువు చేతికి చిక్కింది అలా, క్షతగాత్రుడిగా. దాన్ని లొంగుబాటు అనడం ఎలా కుదురుతుంది?

బ్రూనెవాల్ దాడికీ మీ వ్యాసం ఇచ్చింది రెండు పంక్తులే. 1942 ఫిబ్రవరిలో అదే ఫ్రాస్ట్ 120 మందితో ఫ్రాన్స్ తీరంలో దిగి, జర్మన్ రాడార్ విడిభాగాలు విప్పించి పడవల్లో తెచ్చాడు. కొందరు చాలా దూరంగా పడినా పని ఆగలేదు. ఎందుకంటే దిగే చోటు లక్ష్యానికి దగ్గర, ఎవరు ఏం చేయాలో ముందే సాధన చేయించారు, తిరుగుదారి సముద్రం మీద సిద్ధంగా ఉంది. ఆర్న్‌హెమ్‌లో లోపించింది ఇదే గానీ ధైర్యం కాదు.

ఇంకొకటి. ఫొటో కింద ‘ఫ్రాస్ట్ కాపాడిన వంతెన’ అని వేశారు. ఆ పాతదాన్ని 1944 అక్టోబరులో అమెరికన్ బాంబర్లు కూల్చేశాయి. ఫొటోలోది యుద్ధం తర్వాత కట్టి, ఆ పైన ఆయన పేరు పెట్టినది. సవరణ వేసేటప్పుడు దూరాలు చూపే ఒక చిన్న పటం కూడా వేయండి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం